సాక్షి గ్లాసు

సహకార దుకాణం వెనక గదిలో ఏటా ఒక్కరోజు, ఉదయం పది నుంచి పన్నెండు దాకా, ఒక న్యాయస్థానం కొలువుతీరుతుంది. ముద్దాయిలు తొమ్మిది సీసాల రెడ్ వైన్. వాటి మీద మోపిన అభియోగం చవకదనం. ఖరీదు తక్కువైనంత మాత్రాన రుచి కూడా తక్కువ కానక్కర్లేదని ఏ సీసా నిరూపించుకుంటుందో, ఆ సీసాలోని సరుకు ఏడాది పొడుగునా దుకాణం సొంత లేబులుతో అమ్ముడవుతుంది. తక్కిన ఎనిమిదీ వచ్చిన దారినే వెళ్ళిపోతాయి.

ఈ న్యాయస్థానానికి ఇరవై రెండేళ్ళుగా ఒక్కరే అధ్యక్షులు. వృత్తిరీత్యా ఆయన సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన ఉద్యోగి. నాలుక రీత్యా చక్రవర్తి. గ్లాసులో ముక్కు పెట్టి రెండు క్షణాలు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ ద్రాక్ష పండింది ఎర్రమట్టి గుట్టల మీదో, ఏటి ఒడ్డునో, ఉప్పుగాలి తగిలే ఇసుక నేలలోనో చెప్పేస్తారని ప్రతీతి. చెప్పింది నిజమో కాదో సరిచూసేంత తీరిక ఎవరికీ లేకపోవడం ఆ ప్రతీతికి ఎంతగానో దోహదం చేసింది. ఆయన భార్యకు తమ్ముడూ, ఆ దుకాణానికి స్టోరు కీపరూ అయిన బావమరిది ఆయనకు జిహ్వేంద్రుడని బిరుదిచ్చాడు. అది ఎగతాళో పొగడ్తో ఎంత ఆలోచించినా తేలక, అధ్యక్షులవారు దాన్ని పొగడ్తగానే స్వీకరించారు.

ఇంట్లో ఫ్యాను ఏ నంబరు మీద తిరగాలో కూడా ఆయన్ని అడిగేవారు లేరు. ఆఫీసులో ఉన్న రోజుల్లోనూ ఆయన గీసిన సరిహద్దుల కింద వేరొకరి సంతకమే ఉండేది. ఏడాదికి ఆ రెండు గంటలు మాత్రం, చేతులున్న ఆ కుర్చీలో, భార్య కుట్టిన నీలం దిండు మీద ఆసీనులై గొంతు సవరించుకుంటే, గదిలో అందరూ కాగితాల మీంచి తలలెత్తేవారు. అధ్యక్షులవారికి లోకంలో ఉన్న రాజ్యమంతా ఆ దిండు వెడల్పే.

ఆ రాజ్యానికి ఒక రాజ్యాంగం ఉంది. పదహారు నిబంధనలు, అన్నీ ఆయన స్వహస్తాలతో రాసినవే. వాటిలో ఆయన మనసుకు మిక్కిలి దగ్గరైంది నాలుగోది. సీసాలు తొమ్మిదే అయినా న్యాయమూర్తుల ముందుకు పది గ్లాసులు రావాలి. ఏదో ఒక సీసా నుంచి మాత్రం రెండు గ్లాసులు పోస్తారు. ఆ రెండోదాని పేరు సాక్షి గ్లాసు. అది ఏ సీసాలోదో, వరసలో ఎక్కడుందో, లోపలి గదిలో గ్లాసులు నింపే స్టోరు కీపరుకు తప్ప మరెవరికీ తెలియదు. ఒకే వైన్‌కి ఒక న్యాయమూర్తి వేసిన రెండు మార్కుల మధ్య, ఇరవైకి గాను, మూడుకు మించి తేడా వస్తే ఆ నాలుక నమ్మదగింది కాదని అర్థం. ఒక ఏడు అలా జరిగితే హెచ్చరిక. వరసగా రెండో ఏడూ జరిగితే కుర్చీ ఖాళీ చెయ్యాలి. ఈ నిబంధన ఎప్పటికైనా తనకే తగులుతుందన్న ఊహ, చట్టాలు రాసేవాళ్ళందరికీ లాగే, రాసిన రోజున ఆయనకూ రాలేదు.

కిందటేడు తగిలింది. సాక్షికి తొమ్మిది, దాని జతకు పద్నాలుగు. జ్వరం వచ్చి తగ్గిన మూడోనాటి సంగతి అది. అందరూ జ్వరాన్నే తప్పుపట్టారు. పైకి ఆయనా దాన్నే తప్పుపట్టారు.

కానీ ఆర్నెల్ల నుంచి ఇంట్లో కూరలు చప్పగా ఉంటున్నాయి.

"ఉప్పు మర్చిపోయావా?" అని మొదటిసారి అడిగారు.

"వేశానండీ," అంది భార్య, గిన్నె మీద మూత సర్దుతూ. "ఎప్పుడూ వేసేంతే."

వారం పోయాక మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే జవాబు. మూడోసారి అడగలేదు. ముప్ఫయ్యారేళ్ళుగా ఆవిడ చెయ్యి తప్పింది లేదు. చెయ్యి తప్పకుండా కూర చప్పబడితే ఇక తప్పింది ఏమిటో అధ్యక్షులవారికి ఒకరు చెప్పనక్కర్లేకపోయింది. ఆనాటి నుంచి, ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేసే సమయం కనిపెట్టి, వంటింట్లో కళ్ళు మూసుకుని డబ్బాల మూతలు తీసేవారు. ఇది జీలకర్ర, ఇది సోంపు, ఇది మెంతులు అని లోలోపల ప్రకటించి కళ్ళు తెరిచేవారు. పదింటికి ఎనిమిది సరిపోయేవి. తప్పిపోయిన రెండింటినీ తలుచుకుని దిగులుపడేవారు. సరిపోయిన ఎనిమిదీ డబ్బాల వరస గుర్తుండటం వల్లే సరిపోయాయేమోనని ఇంకా దిగులుపడేవారు.

భార్య ఇదంతా రెండు తడి దుప్పట్ల సందులోంచి చూసింది.

పోటీనాటి ఉదయం ఆయన టీ త్యజించారు. పేస్టు లేకుండా పళ్ళు తోముకున్నారు. నీలం దిండు చంకన పెట్టుకుని, యుద్ధానికి వెళ్ళే రాజు పాటించాల్సినంత మౌనం పాటిస్తూ దుకాణం వెనక గేటు చేరారు. అక్కడ బావమరిది అట్టపెట్టెలు మడిచి పక్కన పెడుతున్నాడు.

"దిండు తెచ్చావుగా బావా," అన్నాడు. "కిరీటం లేకపోయినా పర్లేదు."

"నాతో మాట్లాడకు. నువ్వు గ్లాసులు నింపేవాడివి, నేను తీర్పు చెప్పేవాణ్ణి. పన్నెండు దాకా మన చుట్టరికం రద్దు."

"సరే. మరి తర్వాత నిన్ను స్కూటరు మీద ఇంటికి దింపాలా, రద్దయిన చుట్టరికం నడిచి వెళ్తుందా?"

"పన్నెండు దాకా అన్నాను. సరిగ్గా విను."

బావమరిది ఇంకో పెట్టె మడిచాడు. "ఈసారి తేలిగ్గానే ఉంటుందిలే," అన్నాడు, పెట్టెతో చెప్పినట్టు.

"ఏమిటి తేలిక?"

"ఏముంది, వైన్లే. అన్నీ తేలిక రకాలు అంటున్నా."

ఆ మాటలో ఏదో ఉందని అధ్యక్షులవారికి తోచింది. ఏముందో తోచలేదు. దాంతో, తేలిగ్గా ఉండాల్సిన మనసులో ఒక అనుమానం పెట్టుకుని లోపలికి నడిచారు.

గదిలో తెల్లకాగితం పరిచిన పొడుగాటి బల్ల, ఒక్కొక్కరి ముందూ నంబర్లు అంటించిన పది గ్లాసులు, మంచినీళ్ళ జగ్గు, చప్పటి రొట్టెముక్కలు, ఉమ్మడానికి మూడు బకెట్లు ఉన్నాయి. అధ్యక్షులవారికి ఎడమపక్కన కెమిస్ట్రీ మాస్టారు. ఆయన మార్కులు దశాంశాల్లో వేస్తారు. కుడిపక్కన కొత్తగా వచ్చిన న్యాయమూర్తి, రెండొందల మంది హాస్టలు పిల్లలకు రెండు పూటలా వండే వంటావిడ. మనిషి పొట్టి, బల్ల అంచు ఆవిడ గడ్డానికి తగులుతోంది. ఎదురుగా, సాక్షి ఏ గ్లాసో స్టోరు కీపరు రాసి సీలు వేసిన కవరు పట్టుకుని దుకాణం కార్యదర్శి నిలబడింది.

"ఇంత మంచి బకెట్లు ఉమ్మడానికా?" అంది వంటావిడ. "చేసినవాళ్ళు చూస్తే బాధపడరూ?"

"వాళ్ళిక్కడ లేరమ్మా," అంది కార్యదర్శి.

"నేను వండింది నా ఎదురుగా ఎవడన్నా ఉమ్మితే గరిటె తిరగేస్తాను."

"ఈసారి రెండు దశాంశాలు వెయ్యచ్చా?" అని అడిగారు మాస్టారు.

"ఒకటి చాలు మాస్టారూ. కిందటేడు మీ మొత్తం కూడటానికే గంట పట్టింది."

అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. తలలు లేచాయి. విచారణ మొదలైంది.

మొదటి గ్లాసు కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా గట్టిగా పలకరించి, ఆ తర్వాత చెప్పడానికేమీ లేక ఊరుకుంది. పది. రెండోది బూడిద నేలది, పొగచూరిన రుచి. పన్నెండు. మూడోదాని పులుపు దవడల్ని వెనక్కి లాగింది. నాలుగు, అయిదు మర్యాదస్తులైన అన్నదమ్ములు; ఎవరినీ నొప్పించవు, ఎవరికీ గుర్తుండవు. ఆరోది నోట్లో పడగానే అధ్యక్షులవారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఎర్రమట్టి గుట్టలు. మధ్యాహ్నపు ఎండ. నేరేడుపండు ఒగరు, కొసన మిరియపు గింజ కొరికినంత ఘాటు. ఇంత చవకలో ఇంత నేల ఎలా పట్టించారో అనుకుంటూ పదహారు వేశారు.

ఏడో గ్లాసు ఎత్తారు. ఎర్రమట్టి గుట్టలు. మధ్యాహ్నపు ఎండ. నేరేడుపండు ఒగరు, కొసన మిరియం.

"ఆరే ఇది," అని కాగితం మీద రాశారు. రాశాక కలం ఆగింది.

ఏడోది ఆరోది కావడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్ళలో సాక్షి ఎన్నడూ తన జత పక్కన కూర్చోలేదు. పక్కపక్కన పెడితే అది సాక్ష్యం కాదు, ఇరుగుపొరుగు కబుర్లవుతుందని, కనీసం మూడు గ్లాసుల ఎడం ఉండాలని, బావమరిది ఉద్యోగంలో చేరిన కొత్తల్లో స్వయంగా తానే పాఠం చెప్పారు. కనుక ఏడోది వేరే సీసాలోది. వేరే సీసాలోది తన నోటికి అదే సీసాలోదిలా తోస్తోందంటే, లోపం సీసాలో లేదు.

అధ్యక్షులవారి చెవులు వేడెక్కాయి. నీళ్ళు పుక్కిలించారు. రొట్టెముక్క నమిలారు. చొక్కా చేతిని వాసన చూసి ముక్కును మళ్ళీ మొదటికి తెచ్చుకున్నారు. ఆరు తాగారు, ఏడు తాగారు. ఏడు తాగి ఆరు తాగారు. రెంటికీ మధ్య వెంట్రుకంత సందు కనిపించలేదు. ఆర్నెల్ల చప్పటి కూరలన్నీ ఒక్కసారిగా ఆయన నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి.

కుడిపక్కన వంటావిడ ఆరు తాగింది, ఏడు తాగింది, తనలో తను తలూపుకుని ఏదో రాసేసి ఎనిమిది అందుకుంది. ఎంత తేలిక బతుకో అనుకున్నారాయన, జాలితో, కొంత అసూయతో.

సర్వే ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. రెండు పొలాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా, రికార్డులో రెండని ఉంటే, మధ్యలో గీత గీసి తీరాలి. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని గీత కోసం వెతికారు. వెతకగా వెతకగా ఏడో గ్లాసు అట్టడుగున ఎక్కడో కొంచెం తేమ తగిలింది. తేమ ఉంటే ఏరు ఉండాలి. ఏటి ఒడ్డున ఎండ పలచన. ఎండ పలచనైతే పండు సరిగా పండదు. అందుకే ఈ బీట్‌రూట్ పచ్చివాసన. ఇదిగో, కొసన ఇనుము. ఇందాకటి మిరియం మిరియం కాదు, ఇనుమే. ముందే ఎందుకు తెలియలేదో అనిపించేంత స్పష్టంగా ఇప్పుడు ఇనుము తెలుస్తోంది. ఆయన "ఆరే ఇది" అన్న మాటను పటం మీద సరిహద్దంత తిన్నగా రెండు గీతలతో కొట్టివేసి, ఏడో గ్లాసుకు ఎనిమిది మార్కులు వేశారు.

తర్వాత అంతా సాఫీగా జరిగింది. తొమ్మిదో గ్లాసులో పొగవాసన తగలగానే అది రెండోదాని జత అని తేల్చుకుని, దానికీ పన్నెండే వేసి, కాగితం మడిచి, ఏడాదిగా వదలని ఊపిరి వదిలారు.

కార్యదర్శి కవరు చింపింది.

"సాక్షి గ్లాసు, ఏడు," అని చదివింది. "జత, ఆరు."

మాస్టారు పన్నెండు పాయింటు నాలుగు, పదమూడు వేశారు. వంటావిడ పదిహేను, పదిహేను. అధ్యక్షులవారి కాగితం విప్పి కార్యదర్శి చాలాసేపు చూసింది. ఎక్కువసేపు చూస్తే అంకెలు మారతాయన్న ఆశతో కాబోలు.

"పదహారు," అంది. "ఎనిమిది."

"పక్కపక్కన పెట్టారా?" అన్నారు అధ్యక్షులవారు. "పక్కపక్కన పెట్టకూడదు."

కార్యదర్శి నిబంధనల కాగితం మొదటి నుంచి చివరిదాకా చూసింది. "అలా ఎక్కడా లేదండీ."

"అది ఆనవాయితీ."

"పదహారింటిలో ఏ నంబరండీ?"

ఆయన పదహారూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు; అది అందులో లేదు. లోపలి గది తలుపు దగ్గర బావమరిది ఏదో అనబోయి తలుపు వెనక్కి తప్పుకున్నాడు.

"ఉండండి," అంది కార్యదర్శి. "ఇక్కడేదో కొట్టేసి ఉంది. 'ఆరే ఇది.' సరిగ్గానే పట్టుకున్నారు కదండీ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని తొంగిచూశారు. "ప్రయోగశాలలో మేం మొదటి రీడింగే తీసుకుంటాం. అదే నిజం. తర్వాతదంతా మనిషి కల్పన."

"నాకూ సమ్మతమే," అంది వంటావిడ. "పెద్దాయన, ఏదో తడబడ్డారు. దానికింత రచ్చెందుకు?"

ముగ్గురూ ఆయన వైపు చూశారు. ఒక్క తల ఊపితే కుర్చీ మిగులుతుంది. అధ్యక్షులవారి తల ఊగడానికి సిద్ధంగానే ఉంది. మెడ దగ్గర ఏదో అడ్డుపడింది. ఈ న్యాయస్థానం మొదలైన ఏడో ఏట ఒక పళ్ళ డాక్టరు ఇలాగే కొట్టేసిన మార్కు చూపించి, ఇదే నా అసలు మార్కని బతిమాలాడు. అప్పుడు రాసిందే పదకొండో నిబంధన. ఆ డాక్టరు ఆ తర్వాత ఈ గది గుమ్మం తొక్కలేదు.

"పదకొండోది చదవండి," అన్నారు.

"ఇప్పుడదెందుకండీ..."

"చదవండమ్మా."

"కొట్టివేసిన రాత రాయనట్టే," అని చదివింది కార్యదర్శి, తనే తప్పు చేసినట్టు.

అధ్యక్షులవారు లేచారు. ఆయన మార్కులు రద్దయ్యాయి. రద్దు చేసి కూడినా ఆరో గ్లాసే గెలిచింది. కలిపి కూడినా అదే గెలిచేదని మాస్టారు దశాంశంతో సహా నిరూపించారు. ఫలితం మీద సంతకానికి, సాక్షికీ జతకూ తేడా లేకుండా మార్కులు వేసిన వంటావిడను అధ్యక్ష స్థానంలో కూర్చోమన్నారు. ఆవిడ మొహమాటపడుతూ దిండు తీసి ఆయన చేతికిచ్చి, కుర్చీ ఎక్కింది. గడ్డం మళ్ళీ బల్ల అంచుకు తగిలింది.

"ఎలా పట్టుకున్నారు?" అని ఆయన అడిగారు.

"పట్టుకునేదేముందండీ. తాగాను. అదే ఉంది. అదే మార్కు వేశాను."

"అనుమానం రాలేదా?"

"దేనిమీదండీ?"

ఆయన దిండు వైపు ఒకసారి, ఆవిడ గడ్డం వైపు ఒకసారి చూసి, "కాస్త లేవండమ్మా," అని దిండు కుర్చీలో సర్ది బయటికి నడిచారు.

బావమరిది స్కూటరు తోసుకుంటూ వెంటపడ్డాడు. ఎక్కమంటే ఆయన ఎక్కలేదు. రెండు వీధులు దాటారు. టైలరు షాపు దగ్గర బావమరిది ఇక ఆగలేకపోయాడు.

"నేనే పెట్టా బావా. కావాలనే."

"ఏమిటి?"

"పక్కపక్కన. రుచి నోట్లో ఉండగానే రెండోది తగిలితే ఎవడికైనా తెలిసిపోతుందని. నీకోసమే."

అధ్యక్షులవారు ఆగిపోయారు. "నాకోసమా? నాలుగు గ్లాసుల ఎడంగా పెట్టి ఉంటే పట్టుకునేవాణ్ణి కదరా."

"నువ్వు వైన్ రుచి చూస్తావనుకున్నా బావా. రూల్సు రుచి చూస్తావని నాకేం తెలుసు?"

"నిన్నెవడు సాయం చెయ్యమన్నాడు?"

బావమరిది స్కూటరు బ్రేకు నొక్కి వదిలాడు, మళ్ళీ నొక్కాడు. "అక్క ఫోను చేసింది. నువ్వు వంటింట్లో డబ్బాలు వాసన చూసుకుంటున్నావట. ఆరేసిన దుప్పట్ల సందులోంచి చూసిందట. చూడలేకపోతున్నాను, ఏదో ఒకటి చెయ్యరా అంది." అటూ ఇటూ చూసి, "ఆవిడకి మాత్రం చెప్పకు. చంపేస్తుంది," అన్నాడు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అధ్యక్షులవారికి పాలుపోలేదు. తమ్ముడి మీద తెచ్చుకోబోతే అక్క అడ్డొస్తోంది. అక్క మీద తెచ్చుకోబోతే ఆ రెండు దుప్పట్లు అడ్డొస్తున్నాయి. చట్టం మీద తెచ్చుకుందామంటే అది తన చేతిరాతే. పైగా ఈ గందరగోళం అడుగున, ఎక్కడో, సిగ్గులేని సంతోషం ఒకటి కదులుతోంది: మొదట రాసింది సరైందే. నాలుక చెప్పింది, తానే వినలేదు. కానీ నాలుక బాగున్నట్టయితే, మరి కూరలు?

తలుపు తీసిన భార్య ముందు ఆయన ముఖం చూడలేదు, చంక చూసింది.

"దిండేదీ?"

"కొత్త అధ్యక్షురాలు పొట్టి," అన్నారాయన.

ఆవిడకు అర్థమైంది. మెట్ల కింద నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. వాడు "వస్తానక్కా" అని, రాకుండా, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర. ఆయన ఒక ముద్ద తిని నమలడం ఆపారు. ఆవిడ కంచం వంక చూస్తూ కూర్చుంది.

"ఇందులో..." అని ఆగి, కొట్టివేయబోయి, కొట్టివేయకుండా పూర్తి చేశారు. "ఉప్పు తక్కువ."

"అవును," అంది ఆవిడ. "తక్కువే."

"ఎప్పుడూ వేసేంత వేశానంటావు."

"వెయ్యలేదు. ఆర్నెల్ల కింద మీ బీపీ చూసి డాక్టరు సగం చెయ్యమన్నాడు. చెప్తే తినడం మానేస్తారని చెప్పలేదు." చీర అంచు వేలికి చుట్టుకుంది. "మీరు నాలుకనే అనుమానిస్తారని నాకేం తెలుసు? తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు. అందుకే తమ్ముడికి..."

అరచెంచా ఉప్పు నుంచి బయలుదేరి, వంటింటి డబ్బాల మీదుగా, రెండు దుప్పట్ల సందులోంచి, ఏడో గ్లాసు దాకా సాగిన దారి మొత్తం ఆయన కళ్ళకు పటం గీసినట్టు కనిపించింది. అందులో ఎక్కడా శత్రువన్నవాడు లేడు. దీన్ని ఏ రంగుతో నింపాలో ఆయన నేర్చుకున్న విద్యలో లేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. వంకాయ లేతది. నల్లమట్టి నేల. నూనె సరిపోయింది. ఉప్పు సరిగ్గా సగం.

"ఎంత వేస్తారు?" అంది ఆవిడ, మెల్లగా. "ఇరవైకి?"

"పది."

ఆవిడ ముఖంలోకి చూసినా ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

"కొట్టెయ్యనా?" అని అడిగారు.

"ఉంచండి," అంది ఆవిడ, ఇంకో గరిటెడు వడ్డిస్తూ. "నేనైతే తొమ్మిదే వేసేదాన్ని."